సీటీ గదిలో చేరబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

"సోమవారం సీటీ స్కాన్ గదిలో టెక్నీషియన్‌గా చేరుతున్నాను, ఈ నాలుగు రోజుల్లో ఏ ప్రోటోకాల్స్ కంఠతా పట్టమంటారు మామయ్యా?" అని నిన్న ఫోనులో అడిగావు. అప్పటికి ఏదో చెప్పి పెట్టేశాను గానీ, రాత్రి నిద్ర పట్టక అదే ఆలోచిస్తూ ఉండిపోయాను. ఏవీ పట్టనక్కర్లేదు. తల, ఛాతీ, పొట్ట అంటూ ఒక్కో స్కాన్‌కు పెట్టాల్సిన సెట్టింగులన్నీ యంత్రాన్ని నడిపే కన్సోల్‌లోనే వరుసగా ఉంటాయి. నెల తిరిగేసరికి నీ వేళ్లకే అలవాటైపోతాయి. యంత్రానికి తెలియనిదల్లా టేబుల్ మీద పడుకున్న మనిషి ఎవరన్నదే. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ గదిలో పనిచేశాను. నా వల్ల జరిగిన పొరపాట్లలో దాదాపు అన్నీ బటన్ నొక్కక ముందే జరిగిపోయినవి. అందుకే ఈ ఉత్తరమంతా ఆ ముందు సమయం గురించే.

పొద్దున్నే వెళ్లగానే ఎక్స్‌రే ట్యూబు వేడెక్కించడం, ఖాళీ గాలితో కొలత సరిచూసే ఎయిర్ క్యాలిబ్రేషన్, ఆ తర్వాత నీళ్లు నింపిన డబ్బా లాంటి ఫాంటమ్ పెట్టి ఒక స్కాన్. ఈ పని విసుగ్గా ఉంటుంది. పక్కవాళ్లు "నిన్న బాగానే వచ్చిందిగా" అని దాటేస్తుంటారు. నువ్వు దాటేయకు. యంత్రం చూపించే అంకెల్లో నీళ్లు సున్నా, గాలి మైనస్ వెయ్యి. మన కొలత అంతా ఈ రెండు మేకుల మీదే వేలాడుతోంది. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగి తలను స్కాన్ చేసిన యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకు పెట్టారు. ఆయన డాక్టరు కాదు, ఇంజనీరు. ఈ పనికే 1979లో అలన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మెదడులో కొత్తగా కారిన రక్తం ఆ కొలతలో అరవైకి అటూ ఇటూ ఉంటుంది, పక్కనే ఉన్న మెదడు కణజాలం ముప్పై, నలభై దగ్గర ఉంటుంది. తేడా అంతే. నీ యంత్రంలో నీళ్లే సున్నా చూపించకపోతే ఆ కాస్త తేడాను ఎవరు నమ్మాలి? చిత్రం మధ్యలో వలయాలు కనిపించడం మొదలైతే కిరణాలను పట్టే డిటెక్టర్‌లో ఏదో గడి మొరాయిస్తోందని అర్థం. సర్వీసు వాళ్లకు అప్పుడే ఫోన్ చెయ్యి, సాయంత్రం దాకా నెట్టుకురావాలని చూడకు.

ఇక మనిషి సంగతి. రిక్వెస్ట్ ఫారం చేతికి రాగానే ఏ భాగం అన్నది మాత్రమే చూసి లోపలికి పిలవకు. ఎందుకు తీయమన్నారో చదువు. "పొట్ట నొప్పి" అని రాసి ఉంటే ఒక రకం స్కాన్, "మూత్రనాళంలో రాయి అనుమానం" అని ఉంటే కాంట్రాస్ట్ (లోపలి భాగాలు తేటగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే అయోడిన్ మందు) లేకుండానే సరిపోయే ఇంకో రకం. కారణం రాయకపోతే పంపిన డాక్టరును అడుగు. కొందరు చిరాకు పడతారు. పడనీ.

పేరు అడిగే పద్ధతి కూడా ఒకటి ఉంది. "మీరు ఫలానా గారే కదా?" అని ఎప్పుడూ అడగకు. వినికిడి తక్కువైనవాళ్లు, భయపడినవాళ్లు, ఊరికే మర్యాద కోసం తల ఊపేవాళ్లు, అందరూ అవుననే అంటారు. "మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని అడిగి, చేతి పట్టీతో పోల్చుకో. నేను కొత్తల్లో ఒకాయన్ను అలాగే తల ఊపించి టేబుల్ ఎక్కించాను. టోపోగ్రామ్‌లో, అంటే అసలు స్కాన్‌కు ముందు తీసే నమూనా చిత్రంలో, తుంటి ఎముక దగ్గర లోహపు కీలు కనిపించింది. ఫారంలో ఆ ఊసే లేదు. బయట బెంచీ మీద అసలు మనిషి కూర్చుని ఉన్నాడు. పూర్తి స్కాన్ కాకముందే ఆపగలిగాను, అది నా తెలివి కాదు, ఆ లోహం పుణ్యం.

తల ముందా, కాళ్లు ముందా అన్నది కన్సోల్‌లో తప్పుగా నమోదు చేస్తే చిత్రంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఛాతీ, పొట్ట అయితే గుండె, కాలేయం చూసి పట్టుకోవచ్చు. తలలో అలాంటి గుర్తు ఉండదు. అందుకని కన్సోల్‌లో ఉన్నదాన్ని కిటికీ అద్దంలోంచి మనిషిని చూసి మరీ సరిపోల్చుకో.

చెవిపోగులు, జడపిన్నులు, కట్టుడు పళ్లు, లోదుస్తుల కొక్కేలు తీయించడం అందరూ నేర్పుతారు. ఎవరూ నేర్పనిది మధ్యలో పడుకోబెట్టడం. మనిషిని గ్యాంట్రీ వలయానికి, అంటే టేబుల్ దూరే గుండ్రటి భాగానికి, సరిగ్గా నడుమ ఉంచాలి. టేబుల్ ఎత్తు నాలుగు వేళ్లు తేడా వస్తే ఏమవుతుందిలే అనుకుంటారు. టోపోగ్రామ్ తీసేటప్పుడు మనిషి ట్యూబుకు దగ్గరైతే నీడ పెద్దదిగా పడుతుంది, యంత్రం "ఈయన లావుపాటి మనిషి" అనుకుని కరెంటు పెంచేస్తుంది. సన్నని మనిషికి లావుపాటి రేడియేషన్ డోస్ అన్నమాట. లేజరు గీతను పక్కనుంచి కూడా చూసి, ఒంటి మందానికి సగంలో పడేలా సర్దు. పది సెకన్ల పని.

ఊపిరి గురించి ఒక పేరా రాయక తప్పదు. రికార్డు చేసిన గొంతు "గాలి పీల్చండి, బిగపట్టండి" అంటుంది, జనం కంగారులో సగం పీల్చి వదిలేస్తారు. కాలేయం కిందికీ పైకీ ఊగుతుంది, కొసలన్నీ రెండు గీతలుగా వస్తాయి. నేనేం చేసేవాణ్నంటే, టేబుల్ పక్కనే నిలబడి, నా ఊపిరి నేనే బిగపట్టి చూపించి, ఒకసారి వాళ్లతో చేయించేవాణ్ని. ఆయాసపడేవాళ్లు ఎన్ని సెకన్లు ఆగగలరో అప్పుడే తెలిసిపోతుంది. దానికి తగ్గట్టు స్కాన్ వేగం మార్చుకోవచ్చు. ఇంకో మాట, గది తలుపు మూసి నువ్వు బయటికి వెళ్లగానే వాళ్లు ఒంటరివాళ్లవుతారు. "మీరు మాట్లాడితే నాకు వినిపిస్తుంది, మీరు నాకు కనిపిస్తూనే ఉంటారు" అని వెళ్లేముందు చెప్పు.

కాంట్రాస్ట్ దగ్గర మాత్రం తొందరపడకు. ముందు అడగాల్సినవి అడుగు: ఇంతకు ముందు ఎక్కించారా, అప్పుడు దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా, ఉబ్బసం ఉందా, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత, చక్కెర వ్యాధికి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవాళ్లకు ఆ మాత్ర 48 గంటలు ఆపిస్తారు. ఆపాలా వద్దా అన్నది డాక్టరు పని, అడగడం నీ పని. చేపలు, రొయ్యలు పడనివాళ్లకు కాంట్రాస్ట్ ఇవ్వకూడదని ఇంకా చెప్పేవాళ్లున్నారు. ఆ ఎలర్జీ వాటిలోని ప్రోటీన్‌కు వస్తుంది, అయోడిన్‌కు కాదు. మిగతా ఎలర్జీలున్నవాళ్ల విషయంలో ఎంత జాగ్రత్త పడతావో వీళ్ల విషయంలోనూ అంతే. మహిళలను గర్భం గురించి అడిగేటప్పుడు బంధువులను బయట కూర్చోబెట్టి ఒంటరిగా అడుగు. అత్తగారి ముందు, తల్లి ముందు నిజం రాకపోవచ్చు.

క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) గురించి నా చేతి మీదుగా జరిగినది చెబుతాను. ఒక పెద్దావిడకు గుండె నాళాల స్కాన్. వార్డు నుంచి వచ్చేటప్పటికే ముంజేతి వెనక సన్నని క్యాన్యులా ఉంది, రెండు రోజుల కిందటిది. కొత్తది పెట్టాలంటే నరం దొరకదేమో అనిపించింది, బయట వరుస పెద్దది. సెలైన్ కొంచెం నెట్టి చూశాను, పోయింది. మందును ఒత్తిడితో నెట్టే ఇంజెక్టర్‌లో సెకనుకు అయిదు మిల్లీలీటర్లు పెట్టి బయటికి వచ్చాను. చేత్తో మెల్లగా నెట్టిన సెలైన్ పోవడానికీ, ఇంజెక్టర్ ఒత్తిడికి నరం ఆగడానికీ సంబంధం లేదని అప్పటికి నా ఒంటికి పట్టలేదు. ఆవిడ నొప్పి అనలేదు, పళ్లు బిగబట్టుకుంది. ఇబ్బంది పెట్టకూడదనుకుందట! నేను తెర మీద మహాధమని తెల్లబడుతుందని ఎదురుచూస్తున్నాను, అది నల్లగానే ఉంది. ఇంజెక్టర్ ఆపి లోపలికి వెళ్లేసరికి మందు నరం బయటికి కారి ముంజేయి బిగుసుకుపోయి, చర్మం మెరుస్తోంది. చెయ్యి ఎత్తి పెట్టి, చల్లని కాపడం వేసి, డాక్టరును పిలిచాను. వేళ్లకు స్పర్శ ఉందా, కదులుతున్నాయా అని గంటగంటకూ చూశాం. అదృష్టం, శస్త్రచికిత్స దాకా పోలేదు.

అప్పటి నుంచీ వేగంగా ఎక్కించాల్సిన స్కాన్‌లకు మోచేతి మడతలోని పెద్ద నరానికే, 18 లేదా 20 గేజ్ మందమున్న క్యాన్యులా కొత్తగా పెడుతూ వచ్చాను. ముందు అదే వేగంతో సెలైన్ పంపి, అది వెళ్తున్నంతసేపూ వేలు నరం మీద పెట్టి నిలబడేవాణ్ని. ఉబ్బితే వేలికి ముందే తెలుస్తుంది. "ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది, మూత్రం పోయినట్టు ఉంటుంది కానీ పోదు, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, అది మామూలే. చెయ్యి నొప్పి పుడితే మాత్రం గట్టిగా అరవండి" అని చెప్పు. అరవమనే చెప్పు. మందులెక్కించడానికి ఛాతీలో పెట్టిన పోర్టులు, పొడవాటి పైపులు ఉన్నవాళ్లలో ఇంజెక్టర్ ఒత్తిడికి తట్టుకునేవేనని గుర్తు ఉన్నవాటికి తప్ప ఇంజెక్టర్ తగిలించకు. ఇంజెక్టర్ ట్యూబులో గాలి బుడగ ఉందేమో ప్రతిసారీ వెలుతురుకు పెట్టి చూసుకో. ఎలర్జీ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఎక్కడ ఉందో, దాని గడువు తేదీ ఏమిటో నీ కళ్లతో చూసి తెలుసుకో, వేరేవాళ్లు చూసి ఉంటారని అనుకోకు. స్కాన్ అయిపోయాక క్యాన్యులా వెంటనే తీసి పంపకు. అరగంట కూర్చోబెట్టు.

డోస్ గురించి నీకు కళాశాలలో చాలానే చెప్పి ఉంటారు. తల స్కాన్‌కు సుమారు రెండు మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి పడే రేడియేషన్ కొలత), పొట్టకు ఎనిమిది నుంచి పది, ప్రకృతి నుంచి సగటు మనిషికి ఏడాదికి పడేది 2.4. అవి నీకు తెలుసు. నేను చెప్పేది ఒక్కటే, బటన్‌కు ముందు తెర మీద కనిపించే డోస్ అంకెను చదివే అలవాటు చేసుకో. 2009లో అమెరికాలోని ఒక పెద్ద ఆసుపత్రిలో మెదడులో రక్త ప్రవాహం చూసే పెర్ఫ్యూజన్ స్కాన్ సెట్టింగ్ మారిపోయిందని బయటపడింది. పద్దెనిమిది నెలల పాటు 206 మందికి ఉండాల్సిన దానికి దాదాపు ఎనిమిది రెట్లు డోస్ పడింది. ఒక రోగి తన జుట్టు రాలిపోతోందని చెబితే తప్ప ఎవరికీ తెలియలేదు. అంకె మాత్రం రోజూ తెర మీద కనిపిస్తూనే ఉంది. పిల్లలొస్తే పెద్దల ప్రోటోకాల్‌ను వాళ్ల మీద వాడకు. వాళ్లకు వేరేగా ఉంటాయి, లేకపోతే చిత్రాలు చదివే డాక్టరును, అంటే రేడియాలజిస్టును అడిగి పెట్టించు.

పక్షవాతం అనుమానంతో ఎవరైనా వస్తే మాత్రం ఇంతసేపు చెప్పిన నింపాదితనం పక్కన పెట్టు. మెదడుకు రక్తం అందని ప్రతి నిమిషానికి సుమారు పంతొమ్మిది లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్కగట్టారు. టేబుల్ మీదున్నవాళ్లను దించి అయినా ముందు వాళ్లనే ఎక్కించు. చిత్రాలు రాగానే రేడియాలజిస్టుకు ఫోన్ చెయ్యి. తలకు దెబ్బ తగిలినవాళ్లలో పుర్రెను ఆనుకుని సన్నని రక్తపు పొర ఉంటే మామూలు మెదడు విండోలో (తెర మీద చూపే నలుపు తెలుపుల పరిధిలో) అది ఎముక తెలుపులో కలిసిపోతుంది. విండో వెడల్పు పెంచి ఒకసారి చూసి, అప్పుడు మనిషిని దించు. రోగ నిర్ధారణ మన పని కాదు, నిజమే. కానీ కనిపించినదాన్ని డాక్టరు చెవిన వెంటనే వేయడం మన పనే.

అసలు కష్టమైన చోటు ఇక్కడే ఉంది. టేబుల్ దిగుతూ ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు: "ఏమైనా ఉందా అమ్మా?" నీకు తెలిసే ఉంటుంది. పదేళ్లయ్యేసరికి తెర మీద చిత్రం దొర్లుతుండగానే తెలిసిపోతుంది. "ఏమీ లేదు" అనకు, అది అబద్ధం కావచ్చు. "డాక్టరు గారు చెబుతారు" అని ముఖం తిప్పేసుకుంటే ఏదో ఉందని చెప్పినట్టే. నేను చివరికి కుదుర్చుకున్న మాట ఇది: "చిత్రాలు బాగా వచ్చాయి. వందల చిత్రాలు ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా చదివేవాళ్లు వేరే ఉన్నారు. రిపోర్టు ఎప్పుడు వస్తుందో కనుక్కుని చెబుతాను." ఆ కనుక్కోవడం నిజంగా చెయ్యి. అన్నిటికంటే, స్కాన్‌కు ముందు ఎలా మాట్లాడావో తర్వాత కూడా అలాగే మాట్లాడు. వచ్చేటప్పుడు కబుర్లు చెప్పి, చిత్రం చూశాక మౌనంగా చెప్పులు అందిస్తే వాళ్లకు అర్థమైపోతుంది. కుర్రవాడి కాలేయం నిండా మచ్చలు చూసిన ఒక సాయంత్రం నేను ఆ తప్పు చేశాను. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అంతే చూశాడు.

నీ ఒళ్లు కూడా చూసుకో. వృత్తిలో ఉన్నవాళ్లకు సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు పరిమితి, జాగ్రత్తగా ఉంటే అందులో చాలా కొద్ది భాగం కూడా నీకు చేరదు. ఎవరినైనా పట్టుకుని లోపల నిలబడాల్సి వస్తే సీసపు ఆప్రాన్ వేసుకో. నీకు పడిన డోస్ కొలిచే బ్యాడ్జి కోటుకే ఉంచేసి కోటును కన్సోల్ గదిలో వేలాడదీస్తే ఆ లెక్క కుర్చీది, నీది కాదు. నిజానికి మనలో ఎక్కువమందిని దెబ్బతీసేది రేడియేషన్ కాదు, నడుము. స్ట్రెచర్ నుంచి టేబుల్ మీదికి మనిషిని ఒంటరిగా లాగకు. ఒంటి కింద జారుడు పలక పెట్టి, నలుగురినీ పిలిచి, ఆక్సిజన్ ట్యూబు, మూత్రం సంచి ఎటు ఉన్నాయో చూసుకున్నాకే "ఒకటి, రెండు, మూడు" అను.

సోమవారం వెళ్లేటప్పుడు స్వెటర్ మరిచిపోకు. ఆ గదిలో చల్లదనం యంత్రం కోసం పెట్టింది. దుప్పట్లు ఎక్కడ పెడతారో కూడా మొదటి రోజే అడిగి తెలుసుకో. సన్నని ఆసుపత్రి గౌనుతో ఆ టేబుల్ మీద పడుకునేవాళ్లకు వీపు జిల్లుమంటుంది, చలికి వణికితే చిత్రమూ వణుకుతుంది. వారం గడిచాక ఫోన్ చెయ్యి. రాత్రి డ్యూటీ అయినా సరే, నాకు ఆ వేళకు మెలకువ రావడం ఇంకా పోలేదు.

ఇట్లు,
మామయ్య