నల్ల కుక్క ఫోటోకి వెనక ఏ రంగు గుడ్డ కట్టాలి?

మా నల్ల లాబ్రడార్‌ని ఎలా తీసినా కళ్ళూ ముక్కూ ఏదీ తెలియట్లేదు, వెనక ఏ రంగు గుడ్డ కడితే బావుంటుంది అని అడిగారు కదా. పసుపో నారింజో లేత నీలమో ఏదో ఒకటి కట్టేయండి, తెల్లదీ ముదురు నేవీ బ్లూ మాత్రం వద్దు. కానీ అసలు గొడవ గుడ్డతో కాదండీ, వెలుతురుతో. అది వదిలేసి అందరూ రంగుల గురించే కొట్టుకుంటారు.

మా అక్క వాళ్ళ కుక్క కూడా నల్లదే, నిగనిగలాడుతూ ఉంటుంది. దాని పుట్టినరోజు ఫోటో అని గోడకి ఎర్ర దుప్పటి కట్టి, దాన్ని ఆ దుప్పటికి ఆనించి కూర్చోబెట్టి, ఫ్లాష్ వేసి టకటకా తీసేస్తోంది. చూస్తే కళ్ళు పచ్చగా వెలుగుతున్నాయి, ఒళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలీదు, పైగా వీపు అంచున, చెవుల దగ్గర ఎర్రటి ఛాయ. మెరిసే నల్ల బొచ్చు అద్దం లాంటిది మరి, పక్కన ఏ రంగుంటే దాన్ని పట్టేస్తుంది. "ముందు ఆ ఫ్లాష్ ఆపవే అక్కా" అంటే "చీకట్లో ఎలా వస్తుందిరా" అని నా మీదే అరిచింది. కర్టెన్ పక్కకి లాగి, కుక్కని గోడ నుంచి ఓ 4 అడుగులు ముందుకి జరిపి, కిటికీ దానికి పక్కగా వచ్చేట్టు కూర్చోబెట్టాం. అంతే, భుజం మీద సన్నటి వెలుగు గీత, చెవి అంచున ఒక్కో వెంట్రుకా విడివిడిగా, ముక్కు మీద తడి, కంట్లో బుల్లి కిటికీ. దుప్పటి అదే! నలుపుకి ఆకారం వచ్చేదే దాని మీద మెరుపు వల్ల, ఆ మెరుపు రావాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి.

ఇంకోటి, "నల్లవాటికి ఎప్పుడూ బ్రైట్‌నెస్ పెంచండి" అని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కెమెరా ఎదురుగా ఏమున్నా సరే దాన్ని మధ్యరకం బూడిద రంగు చేద్దామనే చూస్తుంది, 18 శాతం గ్రే అంటారే అదే. ఫ్రేమ్ నిండా కుక్కే ఉంటే అది కాస్తా బూడిద రంగుకి తిరిగి, వెనక గుడ్డ వెలిసిపోయినట్టు వస్తుంది, అప్పుడు ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలోకి వచ్చే వెలుతురు, తగ్గించాలి, కెమెరాలో మైనస్ 1 దాకా వెళ్ళినా పర్లేదు. కుక్క చిన్నగా ఉండి చుట్టూ లేత రంగు ఎక్కువుంటే అప్పుడు పెంచుకోండి. ఫోన్‌లో అయితే కంటి మీద నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని పైకో కిందకో జరపడమే. కంటి మీదే ఎందుకంటే నల్ల బొచ్చులో ఫోకస్‌కి పట్టు దొరకదు, పోయి వెనక గుడ్డ మడతల మీద కూర్చుంటుంది.

వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ జోలికి మాత్రం వెళ్ళకండి, ముదురు రంగు గుడ్డ ముందు చెవులు సగం కోసేస్తుంది, మీసాలైతే ఉండనే ఉండవు. అన్నట్టు, తీసే ముందు తడి గుడ్డతో ఒళ్ళంతా ఒకసారి తుడవండి. నలుపు మీద ప్రతి నూలుపోగూ కనపడుతుంది, ఈ చిన్న పని చెయ్యకుండా తర్వాత ఎడిటింగ్‌లో ఒక్కోటీ చెరుపుతూ కూర్చునే ఓపిక జనాలకి ఎక్కణ్ణుంచి వస్తుందో!