నల్లా వచ్చే రోజు బడికి రాని పిల్ల

ప్రశ్న: మేడమ్, నేను 2024 డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా ఎంపికై, హైదరాబాద్‌లో బోరబండ వైపు ఒక బస్తీ బడిలో చేరాను. 58 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. 1, 2, 3 తరగతులు నావి. మాకున్నది ఒక గది, ఒక వరండా. అదే బిల్డింగ్‌లో ఉర్దూ మీడియం బడి కూడా నడుస్తుంది. మూడో తరగతిలో సగం మందికి గుణింతాలు రావు. కొందరు ఇంట్లో లంబాడీ, కొందరు కన్నడం, కొందరు హిందీ మాట్లాడతారు. దసరాకు ఊరెళ్లినవాళ్లు నెల దాటినా రారు. మధ్యలో వచ్చిన ఇద్దరు పిల్లల్ని టీసీ లేదని వెనక్కి పంపాం. మా ఇల్లు ఘట్‌కేసర్. ఉప్పల్ దాకా బస్సు, యూసఫ్‌గూడ దాకా మెట్రో, అక్కడ నుంచి ఆటో. రానూపోనూ నాలుగు గంటలు. బడి దగ్గరికి మారదామంటే మా అత్తగారు, తోటి టీచర్లు కూడా ‘ఆ బస్తీలో ఎవరుంటారు’ అంటున్నారు. మా పాపకు ఐదేళ్లు. తనని ఏ బడిలో వేయాలో కూడా తేల్చుకోలేకపోతున్నాను. ఈ టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టడం లేదు.
- ఒక టీచర్, ఘట్‌కేసర్

జవాబు: అమ్మా, నేను 31 ఏళ్లు ఈ నగరంలోనే పాఠాలు చెప్పి, హెచ్‌ఎంగా రిటైరయ్యాను. అందులో 9 ఏళ్లు బడికి రెండు సందుల అవతల అద్దెకున్నాను. అందుకే ముందు ఇంటి సంగతి చెబుతాను.

నా నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రిజిస్టర్‌లో తన పేరు ఎదురుగా ఒకరోజు హాజరు, ఒకరోజు గైర్హాజరు. అడిగితే తల వంచుకునేది. ఒంట్లో బాగుండదేమో అనుకున్నాను. తల్లిని పిలిపించమంటే ఆమె రాదు. రెండుసార్లు ఆ పిల్లని కోప్పడ్డాను కూడా. అప్పటికి నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చి పోయేదాన్ని. బస్తీకి మారిన మొదటి నెలలోనే సంగతి తెలిసింది. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, అదీ పొద్దున ఎనిమిదిన్నర తర్వాత. ఆ పిల్ల తల్లి ఆరున్నరకే అపార్ట్‌మెంట్లలో పనికి వెళ్లిపోతుంది. తండ్రి లేబర్ అడ్డా మీద నిలబడతాడు. నీళ్లు పట్టాల్సింది ఆ తొమ్మిదేళ్ల పిల్లే. బిందె తీసుకుని నేను లైన్లో నిలబడితే నా ముందు తనే ఉంది.

ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. మర్నాడు తనతో ఒకటే చెప్పాను: నీళ్ల రోజు పదిన్నరకైనా రా, ఎవరూ ఏమీ అనరు. ఆ గంటన్నరలో పోయిన పాఠం మధ్యాహ్న భోజనం తర్వాత చెప్పేదాన్ని. ఆ ఏడాది చివరికి తను తప్పుల్లేకుండా పేరా చదివింది.

ఊళ్లో బడి వెనక ఊరంతా ఉంటుంది. పిల్ల రాకపోతే ఎందుకు రాలేదో కిరాణా కొట్టాయనైనా చెబుతాడు. నగరంలో బడి వెనక ఎవరూ ఉండరు. పక్క గదిలో అద్దెకున్నవాళ్ల సొంతూరేదో కూడా తెలియదు. తెలుసుకోవాల్సింది మనమే. నాలుగు గంటలు దారిలోనే పోతే ఎప్పుడు తెలుసుకుంటావు?

డబ్బు లెక్క నాకూ తెలుసు. చేరినప్పుడు నీ మూలవేతనం 31,040. దాని మీద 24 శాతం హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అంటే దాదాపు 7,450 రూపాయలు. ఆ డబ్బులో మంచి రెండు గదుల ఇల్లు దొరకదు. బస్తీలోనే ఉండాలని నేను పట్టుబట్టను. ఎర్రగడ్డ, మోతీనగర్ వైపు చూడు. ఆటోలో పావుగంటలో చేరేలా ఉంటే చాలు. అత్తగారిని ఒక ఆదివారం వెంటబెట్టుకుని వెళ్లు. ఆమె భయం తప్పేమీ కాదు, చూడని చోటంటే ఎవరికైనా భయమే.

ఇక టీసీ విషయం. ఇందులో మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఆ ఇద్దరినీ వెతికి తీసుకురా. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు రుజువు లేదని కాదనకూడదు. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. ఎప్పుడూ బడికి వెళ్లని పిల్లనైనా వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి, తోటివాళ్లను అందుకునేలా విడిగా నేర్పాలి. హెచ్‌ఎం ఒప్పుకోకపోతే ఆ సెక్షన్లు (4, 5, 14, 15) కాగితం మీద రాసి మర్యాదగా ముందు పెట్టు. మన బడి గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిన పిల్ల మళ్లీ ఏ బడికీ వెళ్లకపోవచ్చు. దసరాకు వెళ్లేవాళ్ల దగ్గర ఊళ్లో ఉండే నానమ్మ ఫోన్ నంబరు తీసుకుని రిజిస్టర్ చివరి పేజీలో రాసుకో. దీపావళి దాటగానే ఫోన్ చెయ్యి. టీచర్ ఫోన్ చేసిందంటే ఆ ఇంట్లో అది పెద్ద విషయమే.

ఇద్దరు టీచర్లకు ఐదు తరగతులు కష్టమే. 60 మంది వరకు ఇద్దరే అని అదే చట్టం చెబుతోంది, కాబట్టి మూడో టీచర్ వస్తారని ఎదురుచూస్తూ కూర్చోకు. రోజుకు గంటసేపు తరగతులు పక్కన పెట్టి, అక్షరాలు రానివాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు అని పిల్లల్ని విడదీసి కూర్చోబెట్టండి. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చేస్తున్న పని ఇదే. 2022లో మన ప్రభుత్వ బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ముందు చదవడం, రాయడం, లెక్కలే చూడమంటుంది. నీకు పై నుంచి అడ్డం ఉండదు.

వాచకంలో ఒత్తులు రాకపోతే వాళ్ల ఊర్ల పేర్లు రాయించు. నా పిల్లల్లో చాలామంది పాలమూరు నుంచి వచ్చినవాళ్లే. మక్తల్, కోస్గి అని బోర్డు మీద రాస్తే ‘మా బస్సు మీద ఉంటది మేడమ్’ అని లేచి నిలబడేవాళ్లు. క కింద త, స కింద గ అట్లానే వచ్చాయి. లంబాడీ పిల్లను వాళ్ల భాషలో నీళ్లనేమంటారో అందరికీ చెప్పమను. అప్పటిదాకా మూలన కూర్చున్న పిల్ల ఆ రోజు గొంతు విప్పుతుంది.

పాప గురించి. నేను మా అబ్బాయిని ప్రైవేటు బడిలో వేశాను. ఒకసారి ఒక తల్లి ‘మీ బాబు ఏ బడిల సదువుతుండు మేడమ్?’ అని అడిగింది. ఆమె మనసులో ఏ దురుద్దేశమూ లేదు. చెప్పాను గానీ ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. నీకూ ఆ ప్రశ్న వస్తుంది. నువ్వు పాపను ఎక్కడ వేసినా నేను తప్పు పట్టను. అయితే నీ గదిలోనే వేస్తే మూడు తరగతుల మధ్య నువ్వు అటు అమ్మగానూ ఇటు టీచర్‌గానూ నలిగిపోతావు. దగ్గరలో కాస్త బాగా నడిచే ప్రభుత్వ బడి ఉందేమో, మీరిద్దరూ వెళ్లి ఒక పూట కూర్చుని చూడండి. చూడకుండానే వద్దనుకోవద్దు.

పరీక్షలు అయ్యాక, మే నెలలో ఇల్లు వెతుకు. ఎండాకాలంలో చూస్తేనే నీళ్ల సంగతి తెలుస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు నల్లా ఏ రోజుల్లో, ఎన్ని గంటలకు వస్తుందో అడుగు.