ఒరాకిల్ ర్యాక్‌కి ఏ ఓఎస్ తీసుకోవాలి: ఒరాకిల్ లినక్సా, రెడ్ హ్యాటా, రాకీనా?

మీరు అడిగింది రెండు నోడ్ల 19సీ ర్యాక్ గురించి (అంటే ఒకే ఒరాకిల్ డేటాబేస్‌ను రెండు సర్వర్లు కలిసి నడిపే క్లస్టర్), ఈ మూడింటిలో ఏది వేగంగా నడుస్తుందని. వేగం సంగతి పక్కన పెట్టండి. ఒకే హార్డ్‌వేర్ మీద ఈ మూడింటి మధ్య మీ యూజర్లు గమనించేంత తేడా ఉండదు. అసలు తేడా నోడ్ ఎవిక్ట్ అయి (క్లస్టర్ దాన్ని బయటికి నెట్టేసి), టెన్షన్‌తో సపోర్ట్ టికెట్ తెరిచినప్పుడు తెలుస్తుంది. అవతలివాళ్ళు మొదట అడిగేదే ఓఎస్ వెర్షన్, దాని గుండెకాయ లాంటి కెర్నల్ వెర్షన్.

అందుకే రాకీని (రెడ్ హ్యాట్‌కి ఉచిత ప్రత్యామ్నాయం) ముందే తీసేయండి. నడవదని కాదు, నడుస్తుంది. టెస్ట్ సర్వర్లలో నేనూ నడిపాను. కానీ ఒరాకిల్ సర్టిఫై చేసిన జాబితాలో రాకీ, దాని లాంటిదే అయిన ఆల్మా లేవు. ర్యాక్ లైసెన్స్‌కి అంత డబ్బు పోసి, కింద సర్టిఫై కాని ఓఎస్ పెట్టడం నాకైతే నచ్చదు. ఉచితమని రాకీ వైపు చూస్తుంటే ఒరాకిల్ లినక్స్ కూడా ఉచితమే. ఐఎస్ఓ, అప్‌డేట్లు రెండూ ఊరికే దొరుకుతాయి, సపోర్ట్ కావాలంటేనే డబ్బు.

మిగిలిన రెండింటిలో నా ఓటు ఒరాకిల్ లినక్స్‌కి. ముఖ్య కారణం కెర్నల్ మాడ్యూళ్ళు. ఏఎస్ఎంలిబ్ (ఒరాకిల్‌కి డిస్కులను చూపేది), ఏసీఎఫ్ఎస్ (ఒరాకిల్ క్లస్టర్ ఫైల్ సిస్టమ్) లాంటివి కెర్నల్‌తో నేరుగా ముడిపడి ఉంటాయి. ఓఎస్ టీమ్ వాళ్ళు ప్యాచింగ్‌లో భాగంగా కెర్నల్ మార్చేసి రీబూట్ కొడతారు. డ్రైవర్ లోడ్ కాదు, డిస్కులు కనపడవు, క్లస్టర్‌వేర్ (నోడ్లను కలిపి ఉంచే సాఫ్ట్‌వేర్) ఏ నోడ్లు ఉన్నాయో రాసుకునే ఓటింగ్ డిస్క్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. ఈ తంతు నేను చూశాను. ఒరాకిల్ వాళ్ళ యూఈకే కెర్నల్ వాడితే ఏఎస్ఎంలిబ్‌కి వేరే డ్రైవర్ ప్యాకేజీ అక్కర్లేదు కాబట్టి ఆ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. రెడ్ హ్యాటే తీసుకుంటే ఏఎస్ఎంలిబ్ జోలికి పోకుండా లినక్స్‌లో డివైజ్‌లను చూసుకునే యూడెవ్ రూల్స్‌తో డిస్కులకు పర్మిషన్లు ఇచ్చుకోవడం నయం. ఒరాకిల్ వాళ్ళ కెస్‌ప్లైస్ అనే టూల్‌తో రీబూట్ లేకుండా కెర్నల్ ప్యాచ్ చేయొచ్చని కూడా ఊరిస్తారు గానీ, ర్యాక్‌లో ఎలాగూ ఒక్కో నోడ్ దించి ప్యాచ్ చేసుకోవచ్చు. దానికోసమే ఓఎస్ ఎంచుకోనక్కర్లేదు.

మీ టీమ్ ఇప్పటికే మిగతా సర్వర్లన్నీ రెడ్ హ్యాట్ మీద నడుపుతుంటే మాత్రం అదే ఉంచేయండి. చేతికి అలవాటైన ఓఎస్‌ని ఈ ఒక్క క్లస్టర్ కోసం మార్చడంలో లాభం లేదు.

ఏది తీసుకున్నా డీఫాల్ట్ సెట్టింగులను నమ్మకండి. లినక్స్‌లో సర్వీసులను, లాగిన్లను చూసుకునే సిస్టమ్‌డీలో రిమూవ్‌ఐపీసీ అని ఒకటి ఉంది. అది ఆన్‌లో ఉంటే ఒరాకిల్ యూజర్ చివరి సెషన్ లాగౌట్ కాగానే ఆ యూజర్ షేర్డ్ మెమరీని, సెమాఫోర్లను (ప్రాసెస్‌లు ఒకదానికొకటి సైగ చేసుకునేవి) తుడిచేస్తుంది. నేను పనిచేసిన ఒకచోట ఇన్‌స్టెన్స్ (నోడ్ మీద నడిచే డేటాబేస్) ఉన్నట్టుండి పడిపోయేది. అలర్ట్ లాగ్‌లో ఓఆర్ఏ-27157 ఎర్రర్. స్టోరేజీ వాళ్ళను, నెట్‌వర్క్ వాళ్ళను అందరినీ అనుమానించాం. చివరికి పడిపోయిన టైమ్‌లనూ లాగౌట్ టైమ్‌లనూ పక్కపక్కన పెడితే సరిగ్గా కలిశాయి. ఎవరో లాగ్ చూసుకుని ఎగ్జిట్ కొట్టడమే నేరం! లాగిన్‌డీ కాన్ఫిగ్ ఫైల్లో దాన్ని 'నో' అని పెట్టాం, మళ్ళీ రాలేదు.

ఇక హ్యూజ్ పేజీలు, అంటే మెమరీని పెద్ద ముక్కలుగా పంచడం. ఎస్‌జీఏ (ఒరాకిల్ షేర్డ్ మెమరీ) 64 జీబీ అనుకోండి. మామూలు 4 కేబీ పేజీలతో మొత్తం ఎస్‌జీఏని తాకిన ఒక్కో సెషన్‌కీ పేజ్ టేబులే (ఏ పేజీ ఎక్కడుందో చెప్పే పట్టిక) 128 ఎంబీ దాకా పెరుగుతుంది. అలాంటి సెషన్లు 500 ఉంటే పేజ్ టేబుళ్ళకే 62 జీబీ పైన పోతుంది. స్వాపింగ్ (మెమరీ చాలక డిస్క్ వాడడం) మొదలై నోడ్ నెమ్మదిస్తే, బతికే ఉన్నానని పంపే హార్ట్‌బీట్ అందదు. లినక్స్‌లో దానికోసం ఆగే గడువు (మిస్‌కౌంట్) డీఫాల్ట్ 30 సెకన్లు, అది దాటితే నోడ్ బయటికే. ఇదే ఎస్‌జీఏకి 2 ఎంబీ హ్యూజ్ పేజీలు 32,768 సరిపోతాయి, కాస్త ఎక్కువే పెట్టుకోండి. ఒరాకిల్‌లో మెమరీ టార్గెట్ సెట్టింగ్ వాడితే ఇవి పనిచేయవు, ఎస్‌జీఏ టార్గెట్‌కి మారాలి. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలు (కెర్నల్ తనంతట తానే ఇచ్చేవి) వేరే సంగతి, వాటిని ఆఫ్ చేయాలి. ఒరాకిల్ లినక్స్‌లో ప్రీ-ఇన్‌స్టాల్ ప్యాకేజీ కెర్నల్ పారామీటర్లు, యూజర్లు, లిమిట్లు చూసుకుంటుంది గానీ, హ్యూజ్ పేజీల లెక్క మాత్రం మీరే వేసుకోవాలి.

ఇంటర్‌కనెక్ట్‌లో (నోడ్ల మధ్య ప్రైవేట్ నెట్‌వర్క్) జంబో ఫ్రేములు (పెద్ద సైజు ప్యాకెట్లు) వాడితే స్విచ్‌తో సహా అన్నిచోట్లా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 ఉందో లేదో చూసుకోండి. ప్రైవేట్ నెట్‌వర్క్ మీద ఫైర్‌వాల్ వద్దు.

వెర్షన్ అంటారా, ఒరాకిల్ లినక్స్ 8 తీసుకోండి. 19.3 బేస్ ఇన్‌స్టాలర్ 8ని గుర్తుపట్టక మొరాయిస్తుంది. సీవీ అస్యూమ్ డిస్ట్ఐడీ వేరియబుల్‌కి ఓఈఎల్7.6 అని ఇచ్చి, తాజా రిలీజ్ అప్‌డేట్‌తో కలిపి ఇన్‌స్టాల్ చేయండి.

తర్వాత పోస్ట్‌గ్రెస్ క్లస్టర్ కూడా పెడతామన్నారు. దానికి రాకీ అయినా పర్వాలేదు. అయితే ప్రైమరీ (అసలు సర్వర్) రెడ్ హ్యాట్ 7 మీద, రెప్లికా (దాని కాపీ) రాకీ 8 మీద ఉంచి స్ట్రీమింగ్ రెప్లికేషన్ పెట్టకండి. 8లో ఉన్న లినక్స్ ప్రాథమిక లైబ్రరీ జీలిబ్‌సీ 2.28లో అక్షరక్రమం నియమాలు మారాయి, 7లో ఉన్నది 2.17. రెప్లికాకి మారగానే టెక్స్ట్ ఇండెక్స్‌లు ఉన్న వరసలనే లేవంటాయి. మారక తప్పకపోతే ఆ ఇండెక్స్‌లన్నీ రీఇండెక్స్ చేశాకే అప్లికేషన్‌ను వదలండి.