ఎల్‌నినో వస్తే స్క్విడ్ ఎందుకు అంతగా తగ్గుతుంది?

హనుమకొండలో ఫ్రోజెన్ చేపల షాపు పెడుతున్నానని, ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం పైనీళ్లు మామూలుకన్నా వేడెక్కడం) ఏడాదిలో స్క్విడ్ దొరకదని ఎవరో అన్నారని, అది సముద్రం వేడెక్కడం వల్లనా, అతిగా పట్టడం వల్లనా అని అడిగారు. నాదీ హనుమకొండే, కానీ కొచ్చిలో ఒక సీఫుడ్ ఎగుమతి కంపెనీ కొనుగోళ్ల సెక్షన్‌లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి చెప్తున్నా.

ముందు దాని ఆయుష్షు చూడండి. చాలా రకాల స్క్విడ్ బతికేది ఏడాది అటూ ఇటూ, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. అంటే ఈ ఏడాది వలలో పడేదంతా దాదాపు కొత్త తరమే, పాత నిల్వంటూ ఏమీ ఉండదు. మామిడి తోటలా కాదు, పెసర చేను లెక్క: ఓ సీజన్ దెబ్బతింటే ఏమీ రాదు, మళ్లీ అదను కుదిరితే గంపలు నిండుతాయి.

కాలిఫోర్నియాలో 1997లో సుమారు 70 వేల టన్నులు పట్టారు, ఎల్‌నినో దెబ్బకు 1998లో 3 వేల టన్నులు కూడా రాలేదు, లా నినా (దానికి ఉల్టా, నీళ్లు చల్లబడటం) వచ్చిన 1999లో 90 వేలు దాటింది! మామూలుగా అక్కడ అడుగునుంచి చల్లటి, పోషకాలున్న నీళ్లు పైకి వస్తాయి. ఎల్‌నినోలో అది బలహీనపడి, స్క్విడ్ తినే క్రిల్ (చిన్న రొయ్యల్లాంటి జీవులు) లాంటివి తగ్గిపోతాయి. మెక్సికో గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియాలోనైతే 2009-10 ఎల్‌నినో తర్వాత హంబోల్ట్ స్క్విడ్ (పెద్దగా పెరిగే రకం) చాలా చిన్న సైజులోనే గుడ్లకు వచ్చేసింది, పాత చోట్ల వేట దెబ్బతింది.

అతిగా పట్టడం సంగతి వేరే. నీళ్లు బాగోలేని ఏడాదిలో కూడా అన్ని బోట్లూ వెళ్తే మిగిలిన కొన్ని కూడా వలలో పడతాయి, గుడ్లు పెట్టేదెవరు? దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్లాండ్ దీవుల్లో సీజన్ మధ్యలోనే లెక్క చూసి, అవసరమైతే వేట ముందే ఆపేస్తారు. నా దృష్టిలో స్క్విడ్‌కి అదే సరైన పద్ధతి, పోయినేటి లెక్కతో ఈ ఏడు కోటా వేస్తే లాభం లేదు.

మన అరేబియా సముద్రంలో లెక్క ఇంత సూటిగా ఉండదు, నైరుతి రుతుపవనాలప్పుడు పైకొచ్చే చల్లటి నీళ్లే ముఖ్యం. కేరళలో ట్రాలింగ్ (బోటుతో వల లాగి పట్టడం) నిషేధం జూలై 31తో ముగుస్తుంది, ఆగస్టులో హార్బర్‌లో మాకు ఊపిరాడేది కాదు. అయితే బయటి దేశాల్లో సరుకు తగ్గితే స్పెయిన్, ఇటలీ కొనేవాళ్లు మన దగ్గరికే వస్తారు, అప్పుడు ఇక్కడ పట్టుబడి బాగున్నా రేటు ఎక్కుతుంది.

కాబట్టి ఏడాదికంతా ఒకే రేటు అని ఎవరితోనూ ఒప్పందం రాసుకోకండి. ఆగస్టు సరుకు చూశాకే మాట్లాడండి, గ్రేడ్ సైజు కూడా అడగండి.