ఉగాది బూజులు దులిపాక రాత్రికి పిల్లికూతలు... సెట్రిజిన్ వేసుకుంటే చాలా?

ప్రశ్న: నా వయసు 38. మాది రాజమండ్రి. ఏటా ఉగాదికి వారం ముందు బూజులు దులిపి, అటక మీది సామాన్లు దించి, పరుపులు ఎండలో వేసి ఇల్లంతా కడుగుతాను. పని చేస్తున్నంతసేపూ తుమ్ములు, ముక్కు కారడం. రాత్రి పడుకున్నాక ఛాతీ పట్టేసి పిల్లికూతలు వస్తాయి. నిరుడు అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లి నెబ్యులైజర్ పెట్టించుకోవాల్సి వచ్చింది. అక్కడ ఇన్‌హేలర్ రాశారు గానీ, అలవాటైపోతుందని అందరూ అంటే పది రోజులు వాడి మానేశాను. ఆ రోజు పగలు బాత్రూమ్‌లో బ్లీచింగ్ చల్లి దాని మీదే యాసిడ్ పోశాను. కళ్లు మండి, దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు. ఈసారి మా ఆడపడుచు నాలుగు నెలల బాబుతో పండక్కి వస్తోంది. ఇల్లు దులపక తప్పదు. పని మొదలుపెట్టే ముందు ఒక సెట్రిజిన్ వేసుకుంటే చాలని పక్కింటావిడ అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: చాలదమ్మా. సెట్రిజిన్ తుమ్ములకు, ముక్కు కారడానికి పనిచేస్తుంది. ఛాతీలో బిగుసుకుపోయిన గాలి గొట్టాలను అది వదులు చేయలేదు. పైగా కొందరికి దాంతో మగతగా ఉంటుంది. ఆ మగతలో స్టూలెక్కి ఫ్యాన్ రెక్కలు తుడవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

మీరు రాసినదాంట్లో తుమ్ముల కంటే నన్ను ఆలోచనలో పడేసింది రాత్రిపూట వచ్చే పిల్లికూతలు. పగలంతా దుమ్ములో ఉన్నప్పుడు రానిది, స్నానం చేసి పడుకున్నాక ఎందుకొస్తుందని చాలామంది అడుగుతారు. అలర్జీ రెండు విడతలుగా దెబ్బ తీస్తుంది. మొదటిది నిమిషాల్లో వచ్చే తుమ్ములు. రెండోది కొన్ని గంటలు ఆగి, గాలి గొట్టాల లోపలి పొర వాచి, మెల్లగా ముదురుతుంది. మధ్యాహ్నం అటక దులిపితే రాత్రికి ఆయాసం రావడం అందుకే. దీన్ని మనవాళ్లు 'డస్ట్ అలర్జీ' అని తేల్చేస్తారు. ఆ పేరు వినడానికి తేలిగ్గా ఉంటుంది కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. కానీ నెబ్యులైజర్ దాకా వెళ్లిందంటే మీకున్నది ఆస్తమా అయ్యే అవకాశమే ఎక్కువ. పండగ హడావుడి మొదలు కాకముందే ఛాతీ డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, చేయించుకోండి. బాగున్న రోజున చేస్తే రిపోర్టు నార్మల్‌గా రావచ్చు. అంతమాత్రాన ఆస్తమా లేదని కాదు. నిరుడు జరిగినదంతా డాక్టరుకు చెప్పండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్న మాట నేను రోజూ వింటాను. చిన్న లెక్క చెబుతాను. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు (మిల్లీగ్రాములో పదో వంతు). అంటే ఒక మాత్రలో ఉన్న మందు నలభై సార్లు నొక్కితే గానీ రాదు. మాత్ర వేసుకోవడానికి జంకని వాళ్లు ఇన్‌హేలర్ అంటే భయపడటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. అయితే సాల్బుటమాల్ ఒక్కటే పెట్టుకుని, ఆయాసం వచ్చినప్పుడల్లా పీల్చుకుంటూ గడిపేయడం కూడా సరికాదు. అది గొట్టాలను కాసేపు వదులు చేస్తుందే తప్ప వాపును తగ్గించదు. అందుకే 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు దాన్ని ఒంటరిగా వాడొద్దంటున్నాయి. వాపు తగ్గించేది పీల్చే స్టిరాయిడ్ మందు. ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే సంగతీ ఇంతే. రెండింటికీ పూర్తిగా పట్టు దొరకడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బూజు కర్ర పట్టుకున్న రోజున మొదలుపెడితే లాభం లేదు. పండక్కి రెండు మూడు వారాల ముందే డాక్టర్ సలహాతో మొదలుపెట్టి, పండగ అయిపోయిందని మానేయకుండా చెప్పినన్ని రోజులు వాడండి. మాట మధ్యలో ఆగిపోయేంత ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా, ఇన్‌హేలర్ పీల్చినా తగ్గకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక దుమ్ము విషయం. మీకు పడనిది అటక మీది మట్టి కాకపోవచ్చు. పరుపుల్లో, దిళ్లలో, బొంతల్లో కంటికి కనిపించని పురుగులు ఉంటాయి, డస్ట్ మైట్స్ అంటాం. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు వాటికి తిండి. నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. గోదావరి గాలి వాటికి బాగా పడుతుంది. మనకు అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి విసర్జనే. మీ ఇంట్లో బూరుగు దూది పరుపు ఉంటే డాబా మీద వేసి కర్రతో బాదుతారు కదా, అప్పుడు ఎండలో లేచే పొగలాంటి పొడి చూసే ఉంటారు. అందులో ఉండేది ఇదే. ఎండకు పురుగులు చాలావరకు చస్తాయి, అందులో మన పెద్దవాళ్లది మంచి పద్ధతే. కానీ విసర్జన అక్కడే మిగిలిపోతుంది. పరుపు బాదే పని మీరు మాత్రం పెట్టుకోకండి. దుప్పట్లు, గలేబులు చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో, అంటే 60 డిగ్రీల దగ్గర, ఉతికితే రెండూ పోతాయి. పండక్కే కాదు, వారానికోసారి ఉతకాలి. పరుపుకు, దిండుకు జిప్ ఉన్న గట్టి కవర్లు దొరుకుతాయి, వేయించండి.

అసలు బూజు కర్ర మీరే ఎందుకు పట్టుకోవాలి? ఉత్తరంలో మీ ఆయన ప్రస్తావన లేదు గానీ, ఇంట్లో ఉన్నవాళ్లు ఎవరైనా ఆ పని చేయొచ్చు. (మా ఇంట్లో ఆ కర్ర నాదే. సరిగ్గా దులపనని మాట పడుతుంటాను, అది వేరే విషయం.) అటక, పరుపులు, పుస్తకాల బీరువా వాళ్లకు వదిలేసి, దులిపిన గదిలోకి రెండు గంటల దాకా వెళ్లకండి. మీరే చేయక తప్పదంటే ఎన్‌95 మాస్క్ ముక్కుకు బిగుతుగా పెట్టుకోండి. మూతికి చున్నీ చుట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు. పొడి చీపురు బదులు తడిగుడ్డ వాడండి. కిటికీలు తీసి ఉంచండి. రోజుకో గది చాలు. పని అయ్యాక తలస్నానం చేసి, ఆ బట్టలు విడిచేయండి. ఆ జుట్టుతోనే దిండు మీద పడుకుంటే దుమ్మును పక్కలోకి తెచ్చుకున్నట్టే. బాల్కనీలో పావురాల రెట్ట ఉంటే పొడిగా గీకొద్దు, బాగా తడిపి తీయించండి. అది ఊపిరితిత్తుల్లో మరో రకం జబ్బు తెస్తుంది.

బాత్రూమ్‌లో మీరు చేసిన పని మాత్రం మళ్లీ ఎప్పుడూ చేయకండి. బ్లీచింగ్‌కు యాసిడ్ తగిలితే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో సైనికుల మీదకు వదిలింది ఈ గ్యాస్‌నే. మార్కెట్లో దొరికే టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలోనూ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, కాబట్టి వాటినీ బ్లీచింగ్‌తో కలపొద్దు. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో కొంచెం గ్యాస్ వచ్చినా చాలు. ఆ రాత్రి మీకొచ్చిన ఆయాసంలో అటక దుమ్ముకు ఎంత వాటా ఉందో, దీనికీ అంత ఉండవచ్చు. పొరపాటున కలిస్తే నీళ్లు పోస్తూ అక్కడే నిలబడకుండా వెంటనే బయటికి వచ్చేయండి. కళ్లను పావుగంట మంచినీళ్లతో కడగండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవచ్చు కాబట్టి, దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. స్ప్రే సీసాల వాడకమూ తగ్గించండి. నార్వేలోని బెర్గెన్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరు వేల మందికి పైగా జనాన్ని ఇరవై ఏళ్లు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఇల్లు శుభ్రం చేసే పని చేస్తూ వచ్చిన ఆడవాళ్లలో ఊపిరితిత్తుల సామర్థ్యం మిగతావాళ్ల కంటే త్వరగా తగ్గింది. నేల తుడవడానికి సబ్బు నీళ్లు చాలు.

మీరు అడగలేదు గానీ బాబు వస్తున్నాడు కాబట్టి చెబుతున్నాను. బీరువాలో బట్టల మధ్య కలరా ఉండలు వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అవి నాఫ్తలీన్. కొందరు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. వాళ్లకు ఆ వాసన తగిలినా ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. బాబు కోసమని అటక మీది పెట్టెలోంచి పాత ఊయల గుడ్డలు, మెత్తటి చీరలు దించుతారేమో. వాటిని ముందే ఉతికి రెండు మూడు రోజులు ఎండలో ఆరేశాకే వాడండి. ఉండలు ఏ మూలనా రాలి ఉండకుండా చూసుకోండి, పాకే పిల్లలు వస్తే నోట్లో పెట్టుకుంటారు. బాబు ఒళ్లు పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చినా అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించి, ఇంట్లో కలరా ఉండలు వాడిన సంగతి కూడా చెప్పమని మీ ఆడపడుచుకు చెప్పండి.