హైపోథీసిస్ అంటే ఊహే కదా, దానికి పరీక్ష ఎందుకు?

మీ అబ్బాయిని టీచర్ హైపోథీసిస్ రాసుకు రమ్మన్నారనీ, "దోమల వల్ల రోగాలొస్తాయి" అని రాస్తే చాలదా అనీ అడిగారు. చాలదండీ. ఏ దోమ, ఏ రోగం, ఎలా వస్తుంది అన్నది అందులో లేదు. ఏం కనిపిస్తే ఆ మాట తప్పని ఒప్పుకోవాలో కూడా లేదు.

నేను కోనసీమలో ఫైలేరియా, అంటే బోదకాలు, సర్వేల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేశాను. బాగా చీకటి పడ్డాకే ఇళ్లకు వెళ్లేవాళ్లం. "నిద్ర లేపి సూది గుచ్చడమేంటండీ బాబూ, పగలు రాకూడదా?" అని విసుక్కునేవారు. న్యాయమే. కానీ మన దగ్గరి ఫైలేరియా పురుగు పిల్లలు చర్మం కింది రక్తంలోకి వచ్చేది రాత్రిపూటే. పగలు ఎక్కువగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోతాయి. మధ్యాహ్నం వేలు గుచ్చి, స్లైడ్ మీద ఏమీ కనబడలేదని "ఈయనకు లేదు" అని రాసేస్తే అది పరీక్షే కాదు. ఉంటే బయటపడేలా చేసిన పరీక్షలో లేదని తేలితేనే ఆ మాటకు విలువ.

కాలవ నీళ్లు తాగితే బోదకాలు వస్తుందని అక్కడి పెద్దవాళ్లు కొందరు అనేవారు. నవ్వకండి. బోదకాలు పురుగుకీ దోమకీ ఉన్న సంబంధం పట్టుకున్న పాట్రిక్ మాన్సన్ కూడా దాదాపు అదే అనుకున్నాడు! 1877లో చైనాలో, ఒంట్లో ఈ పురుగులున్న తన తోటమాలిని దోమలచేత కుట్టించి, ఆ దోమలను కోసి చూశాడు. పురుగు పిల్లలు వాటిలో పెరుగుతున్నాయి. ఇంతవరకు కళ్లారా చూసి తేల్చిందే. మరి దోమ నుంచి మనిషికి ఎలా? దోమ జన్మలో ఒక్కసారే రక్తం తాగి, నీళ్లలో పడి చస్తుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకు వస్తుందనీ అనుకున్నాడు. ఈ రెండో సగం మాత్రం పరీక్షకు నిలవలేదు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో (Low) అనే డాక్టర్ దోమ తొండాన్ని పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూస్తే పురుగులు అక్కడే ఉన్నాయి. అంటే కుట్టినప్పుడే ఎక్కుతున్నాయన్నమాట. మధ్యలో 23 ఏళ్లు పోయాయి. నీళ్లు కాచుకోవాలా, దోమతెర కట్టుకోవాలా అన్నది దాని మీదే ఆధారపడింది మరి.

మీవాడిని "మూతికి గుడ్డ కట్టిన నీళ్లలో దోమ లార్వాలు పుట్టవు, తెరిచి పెట్టిన నీళ్లలో పుడతాయి" అని రాయమనండి. ఎండుగడ్డి నానిన నీళ్లు మరిగించి, చల్లార్చి, రెండు డబ్బాల్లో సమానంగా పోసి ఒకే నీడన పెట్టాలి. కాలవ నీళ్లు వద్దు, వాటిలో ముందే గుడ్లు ఉంటే మొత్తం పాడవుతుంది. గుడ్డ కట్టినదాంట్లోనూ లార్వాలు కదిలితే అదే రాయాలి, మార్కులు పోతాయని దాచకూడదు. లార్వాలు కనబడగానే లెక్కపెట్టి, నీళ్లు ఎండిన నేల మీద పారబోయించండి. బద్ధకిస్తే ఇంటినిండా దోమలే.