లూప్ తిరిగింది, గ్రాఫ్ రాలేదు

ప్రశ్న: మేడమ్ గారూ, నేను డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మా నాన్నగారు ఇంటి కోసం 10 లక్షల లోన్ తీసుకున్నారు. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు, ఈఎంఐ 8,678 రూపాయలు. నెలనెలా బాకీ ఎలా తగ్గుతుందో గీసి చూపిద్దామని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఫర్ లూప్ (ఒకే పనిని లెక్క ప్రకారం మళ్లీమళ్లీ చేసే కోడ్) రాశాను. లూప్ అయ్యాక ప్రింట్ చేస్తే 145 రూపాయల చిల్లర అని ఒక్క అంకే వస్తోంది. ప్లాట్ లైను (గ్రాఫ్ గీసే ఆదేశం) లూప్ లోపల పెడితే చట్రం, పక్కన అంకెలు వస్తున్నాయి గానీ గీత లేదు. మిగతా నెలలన్నీ ఎక్కడికి పోయాయి?
– ఒక విద్యార్థి, తణుకు

జవాబు: ఎక్కడికీ పోలేదు బాబూ, నువ్వే చెరిపేశావు. ప్రతి నెలా వడ్డీ కలిపి, ఈఎంఐ తీసేసి, వచ్చిన అంకెను మళ్లీ ‘బాకీ’ అన్న పేరులోనే పెడుతున్నావు. ఆ పేరు కింద ఒక్క అంకెకే చోటు. లూప్ ఆగేసరికి అందులో ఉండేది 240వ నెల మాత్రమే.

లూప్‌కి ముందే ‘బాకీలు’ అని ఒక లిస్ట్ (చాలా అంకెల్ని వరుసగా దాచే చోటు) పెట్టు. మొదటి విలువగా 10 లక్షలు వెయ్. లూప్‌లో కొత్త బాకీ తేలగానే అపెండ్‌తో దానికి చేర్చు. ప్లాట్, షో (గ్రాఫ్‌ని తెర మీద చూపేది) రెండూ లూప్ బయట, ఎడమ అంచుకి జరిపి రాయి. లిస్ట్‌ను పొరపాటున లూప్ లోపల మొదలుపెడితే ప్రతి నెలా అది మళ్లీ ఖాళీ అవుతుంది. ల్యాబ్‌లో నేను ముందు వెతికేది అదే. ఇంకో తప్పు, ‘బాకీలు = బాకీలు.అపెండ్(బాకీ)’ అని రాయడం. అపెండ్ లిస్ట్‌ను అక్కడికక్కడే పెంచుతుంది, తిరిగి ఏమీ ఇవ్వదు. అలా రాస్తే ‘బాకీలు’లో None (‘ఏమీ లేదు’ అని అర్థం) మిగులుతుంది, రెండో నెలకే ఎర్రర్.

నీ గ్రాఫ్‌లో గీత ఎందుకు లేదంటావా, లూప్ లోపలి ప్లాట్‌కి ప్రతిసారీ ఒక్క చుక్కే అందింది. గీత గీయాలంటే కనీసం రెండు కావాలి కదా. మార్కర్ (చుక్క గుర్తు) పెట్టి ఉంటే చుక్కలైనా కనిపించేవి.

పైథాన్ 3లో బాకీ, వడ్డీ అని తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు, నడుస్తాయి. గ్రాఫ్ మీద తెలుగులో రాస్తే మాత్రం డబ్బాలు వస్తాయి. పైథాన్‌లో గ్రాఫ్‌లు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో వచ్చే ఫాంట్‌లో తెలుగు లేదు, వేరే ఫాంట్ చూపించాలి.

ఆ 145 చూసి టెన్షన్ పడకు. అసలు ఈఎంఐ 8,678 రూపాయల 23 పైసలు. నువ్వు వదిలేసిన పైసలకి 20 ఏళ్ల వడ్డీ పడి అంతయింది. బ్యాంకులు ఇలాంటిది చివరి వాయిదాలో సర్దేస్తాయి.

‘వడ్డీలు’ అని రెండో లిస్ట్ కూడా పెట్టు, అసలు మజా అందులో ఉంది. మొదటి నెల కట్టినదాంట్లో 7,083 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలుకి చేరేది 1,595. 143వ వాయిదాకి గానీ వడ్డీ కంటే అసలు వాటా పెద్దది కాదు. బాకీ 5 లక్షల కిందికి దిగేది 166వ వాయిదాతో, అంటే దాదాపు 14 ఏళ్లకి. అందుకే నీ గీత తిన్నగా దిగదు, మొదట్లో బద్ధకంగా కదిలి చివర్లో జారుతుంది. ఒక జాగ్రత్త: బాకీలు 241, వడ్డీలు 240. రెంటికీ ఒకే నెలల లిస్ట్ ఇస్తే కొలతలు కుదరలేదని ఎర్రర్ వస్తుంది. వడ్డీలకి రేంజ్(1, 241), అంటే 1 నుంచి 240 దాకా, ఇవ్వు.

అది అయ్యాక ఈఎంఐని 9,678 చేసి చూడు. ఈసారి 240 సార్లు తిరిగే ఫర్ పనికిరాదు, బాకీ మైనస్‌లోకి పోతుంది. బాకీ సున్నా కంటే ఎక్కువ ఉన్నంతసేపూ తిరిగేలా వైల్ లూప్ రాయి. 187 వాయిదాలకే ఆగుతుంది. రెండు గీతలూ ఒకే గ్రాఫ్‌లో గీసి నాన్నగారికి చూపించు, నెలకు వెయ్యి ఎక్కువ కట్టగలరో లేదో ఆయనే చెప్తారు.